డబ్బుతో పాటు ఇంటికి చేరే అలవాట్లు



కువైట్‌లోని అహ్మది, ఫహాహీల్, మంగాఫ్, అబూ హలీఫా, మహబూలా ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగు యువతీయువకులతో ఈ రోజు ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడాలనుకుంటున్నాను. ఇక్కడ మీరు తినే తీరు, తిరిగే తీరు, నిద్రపోయే తీరు ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నల ఆరోగ్యాన్ని ఎలా మారుస్తున్నాయి అన్నదే ఆ సంగతి.

మనలో చాలామంది రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి, కడప వైపు నుంచి వచ్చినవాళ్లం. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు కూడా తక్కువేమీ కాదు. చమురు కంపెనీల దగ్గర పనిచేసేవాళ్లున్నారు, డ్రైవర్లున్నారు, నర్సులున్నారు, ఇళ్లలో పనిచేస్తూ బిడ్డల్ని చదివించుకుంటున్న అక్కచెల్లెళ్లున్నారు. జీతం చేతికి రాగానే ముందు ఇంటికి పంపి, మిగిలినదాంతో నెల గడుపుకుంటాం. పంపిన డబ్బు ఎంతో పైసాతో సహా గుర్తుంటుంది. డబ్బుతో పాటు మన అలవాట్లు కూడా ఇల్లు చేరుతున్నాయి. వాటి లెక్క మాత్రం మనం ఎప్పుడూ చూసుకోం.

ముందు మనం ఉంటున్న ఈ ఊరి కథ కొంచెం చెప్పుకుందాం. మన విషయానికీ దానికీ దగ్గరి సంబంధం ఉంది. ఇక్కడికి దగ్గర్లోని బుర్గాన్‌లో 1938లో చమురు బయటపడింది. 1946 జూన్ 30న అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ అల్ సబా వెండి చక్రం తిప్పి మొదటి చమురు ఓడను సాగనంపారు. ఈ ఊరికి అహ్మది అన్న పేరు ఆయన పేరు మీదుగా వచ్చిందే. అంతకుముందు కువైట్ జనం ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారు, పడవలు కట్టేవారు, ఎడారిలో మేకల్ని, ఒంటెల్ని మేపేవారు. ఒళ్లు వంచనిదే పూట గడిచేది కాదు. చమురు డబ్బు వచ్చాక రెండు తరాల్లోనే కారు, ఏసీ, చక్కెర పానీయాలు, నడక అక్కర్లేని బతుకు వచ్చేశాయి. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం కువైట్‌లో వయోజనుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి షుగర్ ఉంది. ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల వరసలో ఇది మొదట్లోనే ఉంది.

ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇదే మార్పు ఇప్పుడు మన పల్లెల్లో జరుగుతోంది. అది తెచ్చేది మనం పంపే డబ్బే. నాయన ఒకప్పుడు మడికి నడిచిపోయేవాడు, ఇప్పుడు కొడుకు కొనిచ్చిన బండి మీద పోతున్నాడు. అమ్మ రోటి ముందు కూర్చునేది, ఇప్పుడు మిక్సీ వచ్చింది. సంగటి తినే ఇంట్లో మూడు పూటలా తెల్లన్నం వండుతున్నారు. కష్టపడిన తల్లిదండ్రులకు సుఖం ఇవ్వాలనుకోవడంలో తప్పు లేదు, అది మన ధర్మం. ఆ సుఖంతో పాటు జబ్బు కూడా వాళ్ల గడప తొక్కకుండా చూసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది. షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్ల మంది. ఇందులో మన ఇళ్లలోని పెద్దవాళ్లు ఎంతమందో ఎవరికివారు ఆలోచించుకోండి.

ఇక్కడుండి మనం ఏం చేయగలం అంటారా? చాలా చేయగలం. ఇప్పటికే చేస్తున్నాం కూడా, కాకపోతే తెలియకుండా చేస్తున్నాం.

మొదట మనం పంపే పెట్టె సంగతి చూద్దాం. సెలవు మీద ఊరికి పోయేటప్పుడు జమియాలో (సహకార దుకాణంలో), బకాలాలో (చిన్న కొట్లో) కొని కట్టే ఆ అట్టపెట్టెలో ఏముంటాయి? టాంగ్ డబ్బాలు, చాక్లెట్లు, బిస్కెట్లు, నిడో పాలపొడి, నొప్పి నూనెలు. కొందరు నాయన కోసం సిగరెట్ల పెట్టె కూడా సర్దుతారు. పెట్టె ఇల్లు చేరాక అది ప్రేమకు గుర్తు. అందులోది ఎవరూ వద్దనరు. షుగర్ ఉన్న అవ్వ కూడా మనవడు తెచ్చాడని టాంగ్ కలుపుకుని తాగుతుంది. మనం ఏది పెడితే అదే మంచిదని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. కాబట్టి ఈసారి పెట్టె కట్టేటప్పుడు ఒక బీపీ మిషన్ పెట్టండి. షుగర్ చూసే మిషన్ పెడితే దాని స్ట్రిప్పులు ఊళ్లో దొరుకుతాయో లేదో కనుక్కుని పెట్టండి. అమ్మకు మెత్తటి నడక బూట్లు పెట్టండి. బాదంపప్పు, పిస్తా ఉప్పు లేనివి చూసి కొనండి. ఖర్జూరం మంచిదే అయినా షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినవచ్చో డాక్టర్‌ను అడిగి చెప్పండి.

రెండోది, మనం ఇంటి నుంచి తెప్పించుకునేవి. మన వీధివాళ్లు ఎవరైనా వస్తున్నారంటే చాలు, అమ్మకు ఫోన్ చేసి ఆవకాయ పంపమంటాం, అప్పడాలు, ఊరమిరపకాయలు, వడియాలు పంపమంటాం. కొడుకు అడిగాడని అమ్మ రెండు జాడీలు పెడుతుంది. ఒకటి మనకు వస్తుంది, రెండోది ఇంట్లోనే ఉంటుంది. ఏడాది పొడుగునా బీపీ ఉన్న నాయన ఆ జాడీలోంచే వేసుకుంటాడు. పెద్దవాళ్లు రోజుకు తినే ఉప్పు మొత్తం 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. కూరలో, చారులో, పచ్చడిలో, మజ్జిగలో పడేదంతా కలిపి అంతే. అందుకే ఈసారి అమ్మను వేరేవి అడిగి చూడండి. కొర్రలు పంపమనండి, రాగిపిండి పంపమనండి, ఉలవలు పంపమనండి. కొడుకు కొర్రన్నం తింటున్నాడని తెలిస్తే ఆ ఇంట్లో కొర్రలు మళ్లీ పొయ్యెక్కుతాయి. మీరు అడిగేదాన్ని బట్టి అమ్మ వంటిల్లు నడుస్తుంది.

మూడోది ఫోన్. ఇది అన్నిటికంటే బలమైనది. వీడియోలో మన ముఖం కనపడగానే అమ్మ అడిగే మొదటి మాట, ఏం తిన్నావు నాయనా అని. మన వెనక గదిలో కనపడే ప్రతిదీ ఆమె కళ్లలో పడుతుంది. కూల్‌డ్రింక్ సీసా, బల్ల మీద సిగరెట్ పెట్టె, రాత్రి పదకొండున్నరకు తెప్పించుకున్న బిర్యానీ పొట్లం అన్నీ కనపడతాయి. అర్ధరాత్రి దాకా మేలుకుని ఫోన్ చూస్తూ, నువ్వు త్వరగా పడుకోమ్మా అంటే ఆమె ఎందుకు వింటుంది? ఇక్కడ రాత్రి పదకొండున్నర అంటే అక్కడ రెండు గంటలు. కొడుకు ఫోన్ కోసం ఆ తల్లి కూడా మేలుకునే ఉంటుంది. మీరు ఫోన్ చేసే వేళే ఆమె నిద్రను నిర్ణయిస్తోంది. సాయంత్రం ఆరింటికి చేయండి. అక్కడ ఎనిమిదిన్నర అవుతుంది. మాట్లాడుకుని, మాత్ర వేసుకుని వేళకు పడుకుంటుంది.

పిల్లల వల్ల పెద్దల అలవాట్లు మారతాయనడానికి గట్టి ఆధారాలున్నాయి. చైనాలోని షాన్‌సీ రాష్ట్రంలో ఒక పరిశోధన చేశారు, 2015లో దాని ఫలితాలు వెలువడ్డాయి. 28 ప్రాథమిక బడుల్లో, దాదాపు పదేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం అది. వాటిలో సగం బడుల్లో పిల్లలకు ఉప్పు గురించి పాఠాలు చెప్పి, నేర్చుకున్నది ఇంట్లో చెప్పమన్నారు. ఒక్క టర్ము గడిచేసరికి, పాఠాలు లేని బడుల పిల్లల ఇళ్లతో పోలిస్తే ఆ ఇళ్లలో పెద్దవాళ్లు రోజుకు తినే ఉప్పు సుమారు 2.9 గ్రాములు తగ్గింది. పెద్దల పై బీపీ కూడా 2.3 పాయింట్లు తక్కువగా ఉంది. చెప్పినవాళ్లు పదేళ్ల పిల్లలు. వాళ్ల మాటకే అంత బలం ఉంటే, ఇల్లు నడుపుతున్న కొడుకు మాటకు, కూతురు మాటకు ఎంత బలం ఉండాలి!

అమెరికాలో ఎస్తర్ ఫ్రీడ్‌మన్, రాబర్ట్ మేర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఇంకో సంగతి చూపించారు. తల్లిదండ్రుల చదువు, ఆస్తి లెక్కలోకి తీసుకున్నా కూడా, పిల్లలు బాగా చదువుకున్న ఇళ్లలో తల్లిదండ్రులు ఎక్కువ కాలం బతుకుతున్నారని వాళ్లు తేల్చారు. పొగ తాగడం వల్ల వచ్చే జబ్బులతో చనిపోయే విషయంలో ఆ తేడా మరింత స్పష్టంగా కనపడింది. పిల్లల చదువు తల్లిదండ్రుల ఆయుష్షుకు కూడా పనికొస్తుందన్నమాట. మన ఊళ్లలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ, ఐటీఐ, నర్సింగ్ చదివింది మీరే. ఆస్పత్రి చీటీ చదవగలిగింది మీరే. ఆ చదువు వాళ్లకు కూడా అక్కరకు రావాలి.

అయితే ఎలా చెప్పాలన్నది చాలా పెద్ద విషయం. మన పెద్దవాళ్లు బతుకంతా ఒకరికి చెప్పినవాళ్లే కానీ చెప్పించుకున్నవాళ్లు కాదు. ఉప్పు మానెయ్, చుట్ట మానెయ్, నడువు అని ఫోన్‌లో గద్దిస్తే నాయన ఒకే మాట అంటాడు: నిన్ను పెంచింది నేను, నాకు చెప్పొచ్చినావా! ఆ మాటతో ఫోన్ అమ్మ చేతికి పోతుంది. దానికి బదులు మీరు చేస్తున్నది చెప్పండి. నాయనా, నేను రోజూ సాయంత్రం సముద్రం ఒడ్డున నడుస్తున్నా, కొంచెం తేలిగ్గా ఉంది, నువ్వు కూడా మన చెరువు కట్ట దాకా పోయొస్తావా అని అడగండి. మరుసటి రోజు, పోయినావా అని కాకుండా, కట్ట మీద ఎవరెవరు కనపడ్డారు అని అడగండి. ఆయన చెప్పడం మొదలుపెడతాడు.

ఇక్కడ ఫహాహీల్ ఒడ్డున నడవడానికి చక్కటి దారి ఉంది. అహ్మదిలో చమురు కంపెనీ కట్టిన పాత వీధుల్లో చెట్ల నీడ ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా నడవవచ్చు. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త. 2016 జూలైలో ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. ఆ నెలల్లో మాల్ లోపలో, మెట్ల మీదో నడవండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. ఇక్కడ సాయంత్రం నాలుగైతే ఊళ్లో ఆరున్నర. చలికాలంలో సెలవు రోజు సాయంత్రం ఇద్దరూ ఒకే వేళకు బయలుదేరి, ఫోన్ చెవిలో పెట్టుకుని మాట్లాడుకుంటూ నడవవచ్చు. తండ్రీకొడుకులు అరగంట మాట్లాడుకోవడం మన ఇళ్లలో అరుదు. నడక పేరుతో అదీ జరుగుతుంది.

నాకు తెలిసిన ఒక డ్రైవర్ కుర్రాడు ఉన్నాడు, మంగాఫ్‌లో ఉంటాడు. వాళ్ల అమ్మకు బీపీ ఉంది. సెలవుకు పోయినప్పుడు చేతికి పట్టీ చుట్టి చూసే మిషన్ ఇచ్చి వచ్చాడు. ఇప్పుడు శుక్రవారం ఉదయం వీడియోలో ఇద్దరూ కలిసి చూసుకుంటారు. ఆమె కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటుంది, కాళ్లు నేలకు ఆనించి, చేయి బల్ల మీద గుండె ఎత్తున పెడుతుంది. ఐదు నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకోరు, ఎందుకంటే మాట్లాడితే అంకె పెరుగుతుంది. దానికి ముందు అరగంటలో కాఫీ, టీ తాగదు. మొదటి అంకె రాసుకున్నాక ఒక నిమిషం ఆగి రెండోసారి చూస్తారు. తర్వాత అతను తన చేతికి కూడా పట్టీ చుట్టుకుని తన అంకె ఆమెకు చెబుతాడు. అంకెలు ఒక పాత నోటుబుక్కులో ఆమె చెల్లెలి కూతురు రాస్తుంది. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆమె ఆ నోటుబుక్కు పట్టుకుపోతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది అతను తన బీపీ కూడా చూసుకోవడం. అమ్మ ఒక్కదాన్నే రోగిని చేసి కూర్చోబెట్టలేదు. ఇంట్లో చూసుకున్నప్పుడు పై అంకె 135, కింది అంకె 85 దాటి తరచూ వస్తుంటే డాక్టర్‌కు చూపించాలి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక కూడా చెప్పాలి. మన కుర్రవాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి రకరకాల పద్ధతులు మొదలుపెడతారు. రాత్రి భోజనం మానేయడం, పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండటం, అన్నం పూర్తిగా మానేసి మాంసమే తినడం, ఏదో పొడి కలుపుకుని తాగడం. ఇరవై అయిదేళ్ల ఒంటికి తట్టుకునే శక్తి ఉండవచ్చు. అరవై అయిదేళ్ల నాయన షుగర్ మాత్ర వేసుకుని, కొడుకు మానేశాడు కదా అని రాత్రి భోజనం మానేస్తే, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, స్పృహ తప్పవచ్చు. ప్రాణానికే ప్రమాదం. మీ కొత్త పద్ధతి పెద్దవాళ్లకు చెప్పే ముందు వాళ్ల డాక్టర్‌ను అడిగి తీరాలి. అలాగే మోకాళ్ల నొప్పులకని ఇక్కడి నుంచి నొప్పి మాత్రలు పంపకండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వాటిని అదేపనిగా మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. బీపీ మామూలుగా ఉందని మాత్ర మానేయకూడదని కూడా చెప్పండి. మాత్ర వేసుకోబట్టే అది మామూలుగా ఉంది.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో చాలామంది ఇక్కడి ఇళ్లలో ముసలివాళ్లను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. వాళ్లకు వేళకు మాత్రలిస్తున్నారు, షుగర్ చూస్తున్నారు, పుండు పడకుండా కాళ్లు చూస్తున్నారు. అది చదువుకున్నవాళ్లు నేర్చుకునే విద్యే. మీరు పనిలో నేర్చుకున్నారు. మీ అమ్మకు, అత్తకు ఆ విద్య అంతా ఫోన్‌లో చెప్పండి. పాదాలు రోజూ చూసుకోమనండి. వేళ్ల సందుల్లో పగుళ్లు, పొక్కులు ఉన్నాయేమో చూసుకోమనండి. ఒట్టి కాళ్లతో నడవొద్దనండి. తిమ్మిరి ఉన్న కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదని మీకు తెలుసు, వాళ్లకు తెలియకపోవచ్చు. అలాగే మీ ఒంటి సంగతి మరిచిపోకండి. మీకు నడుం నొప్పి, రక్తం తక్కువ ఉంటే దాచకుండా చెప్పండి. బాధ దాచుకోవడం ఆడవాళ్లకు అలవాటు. మీరు దాచుకుంటే ఊళ్లో అమ్మ కూడా దాచుకుంటుంది.

పొగ సంగతి కూడా చెప్పుకోవాలి. 2008లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి కుటుంబాల మీద వచ్చిన పరిశోధనలో, భార్యాభర్తల్లో ఒకరు సిగరెట్ మానేస్తే రెండోవారు తాగే అవకాశం 67 శాతం తగ్గిందని తేలింది. అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒకరు మానేస్తే 25 శాతం తగ్గింది. ఒకరి అలవాటు ఇంకొకరికి అంటుతుంది, ఒకరి విడుదల కూడా అంటుతుంది. కొడుకు సిగరెట్ పెట్టె పారేసి, నాయనా, నేను మానేశా, మొదట్లో కష్టంగా ఉంది, నువ్వు కూడా నాతో పాటు చూస్తావా అని అడిగితే, ఏ డాక్టర్ మాటకూ లేని బరువు ఆ మాటకు ఉంటుంది.

ఇందులో నేర్చుకోవాల్సింది పెద్దవాళ్లు మాత్రమే కాదు, మనం కూడా. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, గురుగాకు, పొన్నగంటి, ఉలవచారు వాళ్ల దగ్గరే ఉన్నాయి. చిరుధాన్యాల మేలు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఈనాడు చెబుతున్నది అవ్వ వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. మన డబ్బు చూసి మొహమాటపడి వాళ్లు దాన్ని వదిలేశారు. సంగటి లేనివాళ్ల తిండి అని అనుకున్నారు. అవ్వను పిలిచి, గదిలో సంగటి ఎలా గెలకాలో చెప్పమనండి. నీళ్లెంత, నూకెంత, పిండెంత అని అడగండి. పెద్దలకు తమ తిండి మీద గౌరవం మళ్లీ వస్తుంది, మీకు మంచి భోజనం దొరుకుతుంది. ఖుబ్బూస్ రొట్టె, కూల్‌డ్రింక్‌తో సరిపెట్టుకునే పూటలు తగ్గుతాయి.

సెలవుకు పోయినప్పుడు ఇంకా ఎక్కువ చేయవచ్చు. మనం ఉన్న ఆ కొద్దిరోజులు ఇల్లంతా పండగ. రోజూ కోడికూర, వేపుళ్లు, స్వీట్లు. ఆ రోజుల్లో ఒక ఉదయం మాత్రం అమ్మానాన్నల్ని పరగడుపున తీసుకెళ్లి షుగర్, బీపీ, కొలెస్టరాల్, కిడ్నీ పరీక్షలు చేయించండి. వాళ్లతో పాటు మీరు కూడా చేయించుకోండి. మనవాళ్లలో షుగర్ చిన్న వయసులోనే వస్తోంది. మగవాళ్ల నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే మనవాళ్లకు ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. టేపు పెట్టి కొలుచుకోండి. పొద్దున్నే లేచి ఊరి వీధుల్లో నడవండి. మీరు నడుస్తుంటే పక్కింటి పెద్దాయన కూడా కలుస్తాడు. కువైట్ నుంచి వచ్చినవాడు చేసే పని ఊళ్లో అందరూ గమనిస్తారు. వాడు కట్టిన ఇంటి నమూనా చూసి ఇళ్లు కట్టినవాళ్లు, వాడి నడక చూసి నడవరా?

మిత్రులారా, ఈ దేశానికి మనం వచ్చిందే పెద్దవాళ్లను సుఖంగా ఉంచడానికి. మిద్దె కట్టాం, అప్పు తీర్చాం, చెల్లెలి పెళ్లి చేశాం. ఆ మిద్దెలో వాళ్లు ఆరోగ్యంగా కూర్చుని, మనం శాశ్వతంగా తిరిగి వెళ్లేనాటికి మన కోసం ఉండాలి. అందుకు లక్షలు అక్కర్లేదు. ఈ వారం ఒక్క పని మొదలుపెట్టండి. ఒక్క అలవాటు మీరు మార్చుకుని, దాన్ని ఇంట్లో ఒక పెద్ద మనిషితో కలిసి చేయండి. నడక కావచ్చు, ఉప్పు తగ్గించడం కావచ్చు, బీపీ చూసుకోవడం కావచ్చు, వేళకు నిద్ర కావచ్చు. నెల రోజులు వదలకుండా చేసి, అది కుదిరాక రెండోది ఎంచుకోండి. మీరు ముందు నడవండి, పెద్దవాళ్లు తప్పకుండా కలుస్తారు. మన తెలుగు ఇళ్ల మీద నాకు ఆ నమ్మకం ఉంది.